ప్యాకెట్ మీద చేప, లోపల మొక్కజొన్న

మా బుజ్జి అరకిలో బరువు పెరిగిందండోయ్! బుజ్జి అంటే కెనడాలోని మార్కమ్‌లో ఉండే మా అమ్మాయి సునీత పెంచుకునే పిల్లి; నేనిప్పుడు వాళ్లింట్లోనే ఉన్నాను.

ఆ మధ్య రెండు నెలల పాటు అది చిక్కిపోతూ, బొచ్చు రాలుస్తూ ఉంటే మా అమ్మాయి కూడా సరిగా తినడం మానేసింది. పరీక్షల్లో జబ్బేమీ కనపడలేదు. నేను చదివింది ఏడో తరగతే గానీ, కోళ్ల దాణా మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేశాను. బుజ్జి తినే గింజలు గుప్పెడు తీసి, నలిపి వాసన చూసి, ప్యాకెట్ వెనక రాసింది అమ్మాయిని చదవమన్నాను. మొదట మొక్కజొన్న, తర్వాత గోధుమ, చేప ఎక్కడో ఏడోది. ఎక్కువున్నదే ముందు రాస్తారట.

"అమ్మలూ, ఇది కోళ్లకు పెట్టేది. పిల్లికి మాంసం కావాలి కదా!"

"నాన్నా, ప్యాకెట్ మీద ఇంత పెద్ద సాల్మన్ చేప ఉంది. ప్రీమియం అని కూడా రాశాడు!"

"బొమ్మ వేయడానికి చేపను చంపక్కర్లేదమ్మా."

డాక్టరమ్మను అడిగి, మాంసం మొదట ఉన్న రకాన్ని పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాము. ఆరు వారాల తర్వాత ఈ రోజు మళ్లీ తూకం. క్లినిక్‌లో నేను కూర్చోలేక తలుపుకీ గోడకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. డాక్టరమ్మ బరువు చెప్పగానే మా అమ్మాయి నన్ను పట్టుకుని ఏడ్చేసింది. ఇంటికొచ్చినా నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

మీ ఇంట్లో పిల్లి ఉంటే ప్యాకెట్ వెనక్కి తిప్పి, మొదటి పేరేమిటో కింద రాయండి. ఈలోగా నేను బర్నబీలో మా పెద్దవాడికి, కోడలికి, తెనాలిలో అక్కయ్యకి, ముఖ్యంగా "దిష్టి తగిలింది, ఎండుమిరపకాయలు తిప్పి పడేయండి" అని రోజూ ఫోన్ చేసిన మా బావగారికి చెప్పాలి.