కొండ కింద గీత, తువ్వాలు కింద బేరం

2001 వేసవి చివర నన్ను తుళ్లూరుకు గంట ప్రయాణం దూరంలో ఉన్న చిన్న కొండల రేంజికి బదిలీ చేశారు. అటవీశాఖలో రేంజి ఆఫీసరు అంటే నడిమి మెట్టు. పైన డివిజనల్ ఫారెస్టు ఆఫీసరు, అంటే మా డి.ఎఫ్.ఓ., ఆజ్ఞలిస్తాడు. కింద బీటు ఉద్యోగులు కొండెక్కుతారు. మధ్యలో మేం సంజాయిషీలు రాస్తాం.

చేరగానే నాకు అప్పగించిన పని చిన్నదేం కాదు. ఆ కొండల్ని జాతీయ పార్కుగా ప్రకటించాలని ఒక ప్రతిపాదన తయారవుతోంది. దానికి కింది సరిహద్దు గీత నిర్ణయించి, కొండ కింది ఊరు అభ్యంతరం లేదని తీర్మానం చేస్తే జతపరచి పంపాలి. అభయారణ్యంలో అయితే పశువుల మేతకు కొంత వెసులుబాటు ఉంటుంది. జాతీయ పార్కులో అదీ ఉండదు. గీతకు అవతల మేక మూతి పెట్టినా నేరమే. అందుకే గీత ఎక్కడ పడుతుందన్నది ఆ ఊరికి ముఖ్యం.

డి.ఎఫ్.ఓ. గారు పటం మీద గీసిచ్చిన గీత కొండవాగుకు ఎగువన ఉంది. వాగు, దాని ఒడ్డున గడ్డి ఊరివాళ్లకే వదిలేశారు. అది చదివి వినిపిస్తే పని అయిపోయేది. కానీ నేను పొన్నూరులో కిరాణా కొట్టు తక్కెడ పక్కన పెరిగినవాణ్ణి. మా నాన్న ఏ వస్తువుకూ అసలు ధర మొదట చెప్పగా నేను వినలేదు. వాగుకు ఎగువన అని చెబితే వీళ్లు కొండ నడుమ దాకా లాగుతారు, కాబట్టి వాగు కూడా కలిపి అడగాలి, గోల చేస్తే వాగు వదిలినట్టు నటించాలి, దండం పెట్టి సంతకాలు చేస్తారు. ఇదీ నా వ్యూహం. శిక్షణలో ఇలాంటిదేదీ నేర్పకపోవడం ఆ రోజుల్లో నాకు లోటుగా తోచేది.

పంచాయతీ ఆఫీసు ముందు సమావేశం పెట్టాం. గీత వాగుకు దిగువన, మిరప చేల గట్ల వెంట వస్తుందని గంభీరంగా ప్రకటించాను. గోల కోసం ఎదురుచూశాను. గోలకు బదులు సుబ్బారావు అనే పెద్ద రైతు లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఏటా గుంటూరు యార్డుకు మిరపకాయలు వేసే మనిషి. భుజం మీది తువ్వాలు తీసి నా కుడిచేతి మీద కప్పాడు. సరుకు ధర చుట్టుపక్కలవాళ్లకు తెలియకుండా వేళ్లు నొక్కి చెప్పే పద్ధతి అది. నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. బేరం మొదలైందని లోలోపల సంబరపడి చెయ్యిచ్చాను. ఆయన నా అయిదు వేళ్లూ కలిపి ఒక్కసారే నొక్కాడు. అడిగినదంతా ఇచ్చేశామని అర్థం.

"రాసుకోండి రేంజరుగారూ. గట్టు దాకా మీదే."

చుట్టూ ఉన్నవాళ్ల మాటల్లో సంగతి బోధపడింది. అడవిపందులు రాత్రిళ్లు వచ్చి చేలు తవ్విపోస్తున్నాయి. పార్కు గట్టు దాకా వస్తే ఆ పందుల బాధ్యత మాదవుతుందని ఆయన లెక్క. నేను పెంచి చెప్పిన ధరను లాభంగా చూసిన మొదటి కొనుగోలుదారు ఆయనే. చేయి కలిపాక మాట మార్చడం మా కొట్లో కూడా తలవంపులే.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు లేచింది. మేకలు కాసుకునే యేసోబు. ఊళ్లో సెంటు భూమి లేదు, మేకలే బతుకు. వాటికి వేసవంతా ఆ వాగు నీళ్లే.

"అయ్యా, ఆ తువ్వాలు కింద మీ ఇద్దరి చేతులేనా ఉన్నాయి? నా మేకలు కూడా ఉన్నాయండీ."

"ఒరేయ్ యేసోబూ, పెద్దవాళ్లు మాట్లాడుతుంటే నడుమ నీ మేకలేంట్రా?"

"మీరు ఇచ్చేసిన వాగులో మీ చేను నీళ్లు తాగదు సుబ్బారావుగారూ. నా మేకలు తాగుతాయి. పరాయి సొమ్ము మీద భలే ధారాళంగా ఉన్నారే!"

జనం నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ గీత అలాగే పైకి వెళితే వచ్చే వేసవికి అతను మందను అమ్ముకోవాలి. పైగా డి.ఎఫ్.ఓ. గారు అడగని వాగును నేనెందుకు తెచ్చానో రాతపూర్వకంగా చెప్పుకోవాలి.

దాంతో నా సరుకును నేనే వెనక్కి కొనే దశకు వచ్చాను. గీతను వాగుకు ఎగువకు జరిపితే, చేల గట్ల వెంట పందులు దాటకుండా లోతుగా కందకం తవ్విస్తానన్నాను. సుబ్బారావు తువ్వాలు మడుస్తూ అన్నాడు.

"ఆ కందకానికి మీవాళ్లు పోయినవారమే సున్నం గుర్తులు పెట్టిపోయారు కదండీ. మాదే మాకు అమ్ముతున్నారా?"

నిజమే. అది మంజూరైన పనే. ఆయన చూసి ఉండడనుకున్నాను. చివరికి తవ్వే పని ఊరి కూలీలకే ఇవ్వాలన్న షరతు మీద ఆయన దిగివచ్చాడు. తీర్మానం రాయబోతుంటే యేసోబు మళ్లీ లేచాడు. కందకం తవ్వితే మేకలు వాగుకు ఎలా దాటాలి? ఒకచోట తవ్వకుండా దారి వదలాలి. దారి వదిలితే పందులూ అందులోంచే వస్తాయని సుబ్బారావు అడ్డుపడ్డాడు.

"పొద్దుగూకేసరికి తుమ్మకంప అడ్డం లాగి, తెల్లారి నేనే తీస్తా. మీ మిరపకి నేను కాపలా. మరి మీ పత్తిచేలో పత్తి తీసేశాక నా మందను మేపుకోనివ్వాలి."

"ఎన్నాళ్లనుంచి అడుగుతున్నావురా ఈ మాట?"

"మీరు కాదన్నప్పటి నుంచండీ."

సుబ్బారావు అందరి వైపూ చూశాడు. మిగతా రైతులు తలూపేశారు. ఆయన తువ్వాలు విప్పబోతే యేసోబు వద్దన్నాడు. అందరూ వినేట్టు నోటితో చెప్పమన్నాడు. ఆయన నోటితోనే చెప్పాడు.

గీత డి.ఎఫ్.ఓ. గారి పటంలో ఎక్కడుందో అక్కడే ప్రతిపాదన వెళ్లింది. అంత గొడవకూ అది అంగుళం కదల్లేదు. క్షేత్రస్థాయి సంప్రదింపులు చక్కగా జరిపినందుకు ఆయన నన్ను మెచ్చుకున్నారు. నేను కాదనలేదు. కొంతకాలానికి ప్రతిపాదన హైదరాబాదు నుంచి తిరిగివచ్చింది. రాజధానికి చాలా దూరం, సందర్శకులు వచ్చే అవకాశం తక్కువ అని వ్యాఖ్య రాశారు. నేను పదవీ విరమణ చేశాక రాష్ట్రం విడిపోయి రాజధానే ఆ కొండల దగ్గరికి నడిచివచ్చింది. పార్కు మాత్రం రాలేదు. ఆ మధ్య అటు వెళితే కందకం చాలావరకు పూడిపోయి కనిపించింది. మేకల దారి తొక్కుడుపడి గట్టిగా ఉంది.

సరిహద్దు పెట్టేముందు ఆ చోటును అప్పటికే ఎవరు వాడుకుంటున్నారో విచారించాలని మా నిబంధనల్లోనే ఉంది. అది బేరం తెలియనివాళ్ల కోసం రాసిన జాగ్రత్త అని నేననుకునేవాణ్ణి. ఆ సమావేశం తరవాత ఏ ఊళ్లో గీత గీయాల్సివచ్చినా, పెద్దరైతు పక్కన కూర్చునేముందు మేకలు ఎక్కడ నీళ్లు తాగుతాయో కనుక్కున్నాను. ఎవరైనా తువ్వాలు తీస్తే చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.