తిరిగి చూడని పిల్ల

శాలువా కప్పనిదే మా సిద్దిపేటలో పుస్తకం తెరుచుకోదు. పాత బస్టాండు దగ్గర మిఠాయి దుకాణం పైన ఒక హాలుంది. అక్కడ మా పాఠకుల బృందం నెలకొక పుస్తకం మీద చర్చ పెడుతుంది. చర్చ అని పేరే గానీ, వేదిక మీద ఎన్ని కుర్చీలుంటే అన్ని శాలువాలు, అన్ని పూలగుత్తులు. ఆ గుత్తుల కింద ఎక్కడో ఆ నెల పుస్తకం ఊపిరాడక పడి ఉంటుంది. దాన్ని చదివి వచ్చేవాళ్ళు ఎవరంటే, వేదిక మీదికి ఎవరూ పిలవనివాళ్ళు.

పోయిన నెల పుస్తకం నేను సూచించిందే. నాజీలు యూదులను ఊళ్ళకు ఊళ్ళు చంపిన కాలం నాటి నవల, తెలుగు అనువాదం. అమ్మానాన్నలను సైనికులు లారీ ఎక్కించి తీసుకుపోతే ఒక చిన్న యూదు పిల్ల ఒంటరిగా మిగులుతుంది. ఒక రైతు ఇంటావిడ ఆమెకు వేరే పేరు పెట్టి, మేకల కొట్టంలో పడుకోబెట్టి, పొద్దంతా పని చేయించుకుంటుంది. పిల్ల బతుకుతుంది. యుద్ధం ముగిసి, యూదు అనాథలను తీసుకుపోవడానికి మనుషులు వచ్చిన రోజున బండెక్కి కూర్చుంటుంది. గడపలో నిలబడ్డ ఆ ఇంటావిడ వైపు తిరిగి చూడదు. పోయొస్తానని కూడా చెప్పదు.

నాకు నవలంతా ఒక ఎత్తు, ఆ పేజీ ఒక ఎత్తు. చిన్నప్పుడే నాకు అమ్మా నాన్నా పోయారు. నాన్నకు అన్న అయిన పెద్దబాపు ఇంట్లో పెరిగాను. మగ్గాల ఇల్లు. వాళ్ళ పిల్లలు బడికి పోతే నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేదాన్ని. మగ్గం ఆగకుండా ఆడాలంటే నూలు చుట్టిన కండెలు ఎప్పటికప్పుడు అందుతుండాలి. బుట్ట నిండితేనే నాకు బడి. అందరూ తిన్నాకే నాకు అన్నం. ఎవరూ కొట్టలేదు. ఆ నవలకూ నా బతుక్కూ పోలిక పెడితే నా చెంపలు నేనే వాయించుకోవాలి. మా వాళ్ళు జ్వరాలొచ్చి పోయారు, ఎవరూ చంపలేదు. నన్ను చంపడానికి ఎవరూ వెతకలేదు. కానీ బండెక్కిన పిల్ల మెడ ఎందుకు తిరగలేదో నాకు తెలుసు. ఆ మాట ఒక్కటి నలుగురిలో చెప్పాలని వెళ్ళాను.

నన్ను చివరి వక్తగా పెట్టారు. మా దగ్గర చివరి వక్త అంటే టీ వచ్చేదాకా మైకు ఖాళీగా ఉండకుండా చూసే మనిషి.

మొదటి పెద్దమనిషి నవలను అట్ట వెనక మొదలుపెట్టి అట్ట వెనకే ముగించాడు. రెండో ఆయన హిట్లర్ మీద కాసేపు గర్జించి, "ఏమన్నగానీ, డిసిప్లిన్ ఉన్న మనిషి" అన్నాడు. తలలు ఊగాయి. తర్వాత అందరూ కలిసి పిల్ల మీద పడ్డారు.

"అన్నం వెట్టిన తల్లికి దండం గూడ వెట్టకుంట పోయింది. గిదేం పిల్ల?" అంది ఒక మేడమ్.

"తిన్నింటి వాసాలు లెక్కవెట్టుడంటే గిదే," అన్నాడు ఒక కవి.

అన్ని లక్షల మందిని చంపినవాడిలో వీళ్ళకు క్రమశిక్షణ దొరికింది. తల్లీదండ్రీ లేని పిల్లలో తప్పు దొరికింది. ఇంతకంటే ఛీ అనిపించే సభను నేను చూడలేదు.

ముఖ్య అతిథి మా అన్న, అంటే పెద్దబాపు కొడుకు. మగ్గాలు అమ్మేసి భూముల వ్యాపారంలో దిగాడు, ఇప్పుడు రాజకీయాల్లో తిరుగుతున్నాడు. హాలు కిరాయి ఆయనే కట్టాడు కాబట్టి సాహిత్యం కూడా ఆయనదే. పుస్తకాన్ని చేత్తో ముట్టలేదు. వాళ్ళ అమ్మను, మా పెద్దవ్వను, వెంట తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఎందుకు తెచ్చాడో ఆయన మైకు అందుకున్నాక తెలిసింది.

"గా పుస్తకంల పిల్ల సంగతి ఇడ్సిపెట్టున్రి. మా ఇంట్ల గూడ తల్లిదండ్రి లేని పిల్ల పెరిగింది. గీడనే ఉన్నది. మా అవ్వ కన్నబిడ్డ లెక్క సాదింది. గామె గా పిల్ల అసొంటిది కాదు, ఇయ్యాల్టికి మా గడప మర్వలే. రా చెల్లె, అవ్వకు శాలువ కప్పు."

చప్పట్లు. ఎవరో నా చేతిలో శాలువా పెట్టారు. ఆ పిల్లను కొట్టడానికి నన్నే కర్రగా పట్టుకున్నాడు. శాలువా అక్కడే పారేసి మెట్లు దిగిపోదామనుకున్నాను. అందరూ చూస్తుంటే ఆ ధైర్యం చాలలేదు. పెద్దవ్వ ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

ఆమె శాలువాను చేత్తో పక్కకు జరిపింది.

"కన్నబిడ్డెట్లయితదిరా?" అంది కొడుకుతో, హాలంతా వినబడేట్టు. "కన్నబిడ్డతోని గన్ని కండెలు చుట్టిపిస్తరా? నిన్నెన్నడన్న చుట్టమన్ననా? పనికి ఉంచుకున్నం. తిండి వెట్టినం. గంతే."

చప్పట్లు ఆగిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. ఆమె మీద నా కోపం పోలేదు. కానీ నేనే కృతఘ్నురాలినేమో అని ఇన్నేళ్ళూ లోపల నాతో నేను పడిన తగువు ఆ మాటతో తీరింది.

అన్న నవ్వి, "అవ్వకు వయసు మీద వడ్డది, మతి ఉంటలేదు" అన్నాడు మైకులో. సభ బతుకుజీవుడా అని నవ్వింది. ఫోటో తీసేవాడు తొందరపెట్టాడు. పెద్దవ్వ చెప్పిన నిజానికి గౌరవంగా ఆ శాలువా ఆమెకు కప్పాను. నేను కుర్చీ చేరేలోపే ఫోటో వాట్సాప్ గ్రూపులో పడింది. 'పెంచిన తల్లి రుణం తీర్చుకున్న కూతురు' అని కింద రాశారు. వరసగా దండాల బొమ్మలు.

ఇంతలో టీ వచ్చింది. చివరి వక్త సంగతి ఎవరికీ గుర్తు లేదు. పెద్దవ్వ నా కొంగు పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏమే, గప్పటిసంది తిడుతున్రు. గా పిల్ల ఏం జేసింది?"

"పోయేటప్పుడు సాదినామె దిక్కు తిరిగి సూడలే పెద్దవ్వా."

"ఎట్ల ఉంచుకున్నదట?"

"మేకల కొట్టంల పండవెట్టింది. పని జేయించుకున్నది. పిల్ల దొరికితె తనను గూడ సంపుతరని తెలిసి ఉంచుకున్నది."

పెద్దవ్వ శాలువా కొసను వేళ్ళతో నలిపి చూసింది. మిల్లు బట్ట అని పెదవి విరిచింది. నేను చెప్పలేకపోయిన ప్రసంగం ఆమెకైనా చెబుదామని నోరు తెరిచాను. ఆమే ముందు మాట్లాడింది.

"నౌకరి అచ్చి మా ఇల్లిడ్సి పోయిననాడు నువ్వు గూడ తిరిగి సూడలే. రిక్ష సందు తిరిగేదాక నేను గడపల్నే నిలవడ్డ. సూడకుంటెనే మంచిగైంది. సూస్తె నీకు ఏం మొకం సూపెడుదును?"