ఎండు చేపలకు నీడ

గంగమ్మ తల్లి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నేను చెబితే మా ఊళ్లో కుక్క కూడా నమ్మదు గనుక మీకు చెబుతున్నాను.

మాది నెల్లూరు తీరంలో ఒక పాత రేవు. ఓడలు వచ్చిపోయే కాలంలో మా ముత్తాత పట్టిన సొరచేప పొట్టలో ఒక తెల్లదొర కుర్చీతో సహా కూర్చుని ఉన్నాడు. బయటికి రాగానే సుంకం అడిగాడు. ఇంత చరిత్ర ఉన్న ఊరని అధికారులు గుర్తించడానికి ఇన్నేళ్లు పట్టింది.

గుర్తించాక ఊరికి అందం పట్టుకుంది. లైట్‌హౌసు ముందున్న ఇసుకమేట మీద మా అక్క నెత్తళ్ల చేపలు ఎండబెట్టేది. అక్కడ ఎండా గాలీ రెండూ తగులుతాయి. పొద్దున పరిచిన చేప సాయంత్రానికి గలగలమంటుంది. బావ పోయాక ఆమె ఇల్లు నడిచింది ఆ చేపల మీదే. ఆ మేటను చదును చేసి రాళ్లు పరిచారు, బెంచీలు వేశారు, నడుమ చేపలగంప ఎత్తుకున్న సిమెంటు ఆడమనిషిని నిలబెట్టారు. గంపలో రంగులేసిన చేపలు. వాటిని పొడిచి పొడిచి మా ఊరి కాకులు ముక్కులు విరగ్గొట్టుకున్నాయి. పాపం, ఇప్పుడు గంజి తాగి బతుకుతున్నాయి.

ఎండబెట్టుకునే ఆడవాళ్లకు సరుగుడు తోటలో చోటు చూపించారు. "చల్లగా నీడన కూర్చుని పని చేసుకోండమ్మా" అన్నాడు వచ్చిన అధికారి, ఎంతో దయగా. ఎండు చేపకు నీడ! నెత్తళ్లు మెత్తబడి పురుగు పట్టాయి.

అక్క కొత్త సరుకు గంపకెత్తుకుని మళ్లీ మేట దగ్గరికే వచ్చింది. కాపలావాడు మా వీధివాడే.

"అక్కా, ఈడ పరచగూడదంట. టూరిస్టులు వస్తా ఉండారు, కంపు కొడతాదంట."

"గంప మోసేదాన్ని చూసేదానికే గదరా వాళ్లు వచ్చేది? నేను మోస్తే కంపా?"

"అది బొమ్మ గదక్కా."

"అట్టయితే నన్ను గూడా దాని పక్కన నిలబెట్టు. కదలను, మెదలను, కూడు గూడా అడగను."

వాడు పక్కకు తప్పుకున్నాడు. అక్క రాళ్ల మీదే చేపలు పరిచింది.

సరే, చెప్పేస్తాను. సొరచేప సంగతి మా ముత్తాతకే తెలియాలి. కాకుల ముక్కులు కొంచెం ఎక్కువ విరిచాను. పూర్తిగా నేను కల్పించింది మాత్రం అక్క జవాబులు. వాడు వద్దనగానే ఆమె "సరే నాయనా" అని గంప తిప్పుకుని వెళ్లిపోయింది. ఆ నెత్తళ్లూ నీడలోనే చెడిపోయాయి. ఇప్పుడు రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతోంది. నేనెంత కదిపినా, "ఐసులో చేతి ఏళ్లు తిమ్మిరెక్కతా ఉండాయిరా" అంటుంది. అంతే.