ఎండాకాలం దాటని బ్రేకు ప్యాడ్లు

ప్రొద్దుటూరులో నా మాటను సగానికి తగ్గించి వినడం అందరికీ అలవాటు. మిగిలిన సగం కూడా నిజం కాదనేవాడు మా మామ ఒక్కడే. మామ అంటే మా అమ్మ తమ్ముడు. జమ్మలమడుగులో బడిపంతులుగా చేసి రిటైరై, అక్కడే ఉంటున్నాడు. బ్రహ్మంగారిమఠం దారిలో ఓసారి నా బండికి బ్రేకులు పోతే, ఎదురొచ్చిన గొర్రెల మందను బతిమాలి, తలలు అడ్డం పెట్టించి ఆపానని ఆయనకు చెప్పాను.

"గొర్రెలను ఏ భాషలో బతిమాలినావురా?"

"కన్నడంలో మామా. అవి బళ్లారి జాతివి."

కథల్లో నమ్మకపోయినా, కారు బ్రేకుల విషయంలో మాత్రం ఆయన నన్నే నమ్మేవాడు. మెకానిక్కు దగ్గరికి పోకుండా నేరుగా మా ఇంటి వాకిట్లోకి తెచ్చి ఆపేవాడు. ఉగాదికి ముందు ముందుచక్రాల ప్యాడ్లు నేనే కొత్తవి వేశాను. ఎండలు ఇంకా తగ్గనే లేదు, మళ్లీ వచ్చాడు.

"ఏందోరా, బ్రేకు తొక్కితే పిల్లి తోక తొక్కినట్టు అరుస్తాంది."

సన్నగా కీచుమంటే ప్యాడ్లు అరగవచ్చాయని అర్థం. ఇది ఆ దశ దాటింది. బండరాయి మీద గునపం ఈడ్చినట్టు గరగరమంటోంది. వెనకచక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, నట్లు వదులు చేసి, జాకీతో ఎత్తి చక్రం ఊడదీశాను. ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్‌కు కింది బోల్టు తీసి పైకి లేపితే అవి చేతిలోకి వచ్చాయి. వేసిన రోజు చిటికెనవేలంత మందం ఉన్నవి, ఇప్పుడు వట్టి ఇనుపరేకులు. డిస్కు మీద చారలు పడి, అంచున నీలం తిరిగింది. నీలం తిరిగిందంటే బాగా కాలిందన్నమాట. రెండో వైపూ అంతే.

ఆయన ఆ కారు తీసేది ఆదివారం ఒక్కరోజే. ముద్దనూరు మీదుగా పులివెందులకు, వాళ్ల అక్క దగ్గరికి. ఆమె నాకు పెద్దమ్మ. మా అమ్మమ్మ పోయాక అమ్మనూ మామనూ సాకింది ఆమే. ఆ దారిలో పెద్ద రద్దీ ఉండదు. అట్లాంటి దారి ఇన్ని ప్యాడ్లు ఎట్లా తింటుంది?

కొత్తవి వేశాను. ప్యాడ్లను నొక్కే పిస్టన్‌ను క్లాంపుతో వెనక్కి నెట్టి, ప్యాడ్లు కూర్చోబెట్టి, బోల్టులు, చక్రాలు బిగించి, కదిలే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాను. ఆ పని మరిచిపోతే మొదటి తొక్కుడుకు బండి ఆగదు, నేరుగా ఎదురింటి వంటగదిలోకి పోతుంది. ఇది మాత్రం కథ కాదు.

"పద మామా, జమ్మలమడుగు దాకా వస్తా. నువ్వే తోలు."

ఊరు దాటగానే రోడ్డు మీద వేపచెట్టు నీడ పడి ఉంది. మామ బ్రేకు తొక్కాడు.

"ఏందిరా అది, అడ్డం?"

"నీడ మామా."

కొంతదూరం పోయాక కొత్తగా తారు వేసిన చోట మళ్లీ తొక్కాడు. ఆ తర్వాత ఎడమపక్క పొలం దారిలోంచి ఒక బైకు రోడ్డెక్కింది. ట్యాంకు మీద ఎర్ర రిబ్బన్లతో ఒక పాప కూర్చుని ఉంది. దానికి మాత్రం తొక్కలేదు. నేను అరిచి హ్యాండ్‌బ్రేకు లాగాను. బైకాయన మమ్మల్ని తిట్టి పోయాడు.

మామ స్టీరింగు వదల్లేదు. "పక్కల నుంచి ఏమొచ్చేదీ తెలీడం ల్యా. శానా దినాలయింది. అందుకే కాలు బ్రేకు మీద్నే పెట్టుకోనుంటా."

"డాక్టరుకు చూపించినావా?"

"చూపించినా. పోయిన చూపు రాదంట. ఉన్నది నిలబడేదానికి కండ్లలోకి చుక్కలమందు ఇచ్చినాడు. మీ అత్తకు తెల్దు. ఇంత బిరీన ఎట్ల అరిగినాయని అడుగుతాది. ప్యాడ్లు మంచివి కావని చెప్పు. ఊరందరికీ అడక్కపోయినా చెప్తావు గదరా. నేను అడుగుతాండా. నాకొక్కటి చెప్పు."

మిగిలిన దారి నేనే తోలి, దిగగానే తాళాలు మామ చేతికిచ్చాను. అత్త వాకిట్లోనే ఉంది.

"ఏమప్పా, మళ్లా ఏమైంది దానికి?"

నోరు తెరిచాను. ఎప్పుడూ నాలుక చివర తయారుగా ఉండే అబద్ధం ఆ పూట రాలేదు. ఆ పాప ఎర్ర రిబ్బన్లే కనిపిస్తున్నాయి.

"మామకు కండ్లు సరిగా కనపడవత్తా. బండి తోలనియ్యొద్దు."

అత్త నవ్వింది. "మొదలుపెట్టినావా నీ కథలు!" అని మామ వైపు తిరిగింది. ఆయన ముఖం చూసి నవ్వు ఆపేసింది. ఆయన చేతిలోంచి తాళాలు తీసుకుని కొంగున ముడేసుకుంది.

"ఇన్నేండ్లూ వాని మాట ఒక్కటీ నమ్మకపోతివి," అన్నాడు మామ, "ఈపొద్దే నమ్మల్లనా?"

చెప్పింది తప్పనుకోను. కానీ ఆ మాట ఆయన నోటితో ఆయనే చెప్పుకోవడానికి ఒక్క పూట ఇవ్వాల్సింది. తాళాలు నా జేబులో వేసుకుని, "నువ్వే చెప్పు మామా, రేపు వస్తా" అంటే సరిపోయేది. ఆ పాటి తెలివి తర్వాత వచ్చింది.

ఆదివారాలు పెద్దమ్మ దగ్గరికి నేను తీసుకుపోతానన్నాను. రానన్నాడు. "అక్కింట్లో గడపలు ఎత్తు. తట్టుకుంటే చూస్తాది. ఆయమ్మకు మాత్రం చెప్పొద్దు." అందుకని నేనొక్కణ్ణే పోయి వస్తున్నాను. ఒక వారం మామ కారు ఇంజిన్ పాడైందన్నాను. ఇంకోవారం మామ వీధి పిల్లలందరికీ ఎక్కాలు చెబుతున్నాడని, వాళ్లు ఆయన్ను లేవనివ్వడం లేదని చెప్పాను. పెద్దమ్మ బుగ్గన చేయి పెట్టుకుని వింటుంది, నవ్వుతుంది.

పోయిన వారం మధ్యలో ఆపింది.

"కథలు బాగుండాయి గానీ, వాడు బాగుండాడా?"

"బాగుండాడు పెద్దమ్మా."

"బాగుండేవాడు రాకుండా యాల ఉంటాడు? వచ్చే వారం నన్నే తీస్కపో. నేనే చూసొస్తా."

సరేనన్నాను. ఇవాళ శనివారం. మామకు ఇంకా చెప్పలేదు.