ఆట వేళలు

మా మేనత్త కూర్చునే గాజు కిటికీ పైన "విచారణ" అనే బోర్డు ఉండేది. ఉప్పుగాలికి తుప్పుపట్టి దాని చివరి అక్షరం ఒకనాడు ఊడి పడిపోయింది. మిగిలిన "విచార"ను చూసి మావయ్య, "కొత్త బోర్డెందుకే? పక్కన ఓ సున్నా పెడితే సరిపోతుంది. లోపలున్న మనిషి ఎలా ఉంటుందో జనానికి ముందే తెలిసిపోతుంది" అనేవాడు.

అత్త నవ్వేది కాదు. ఆఫీసులో అందరూ అప్పటికే ఆమెను "విచారణక్క" అని పిలిచేవారు. ఇంట్లో కూడా అదే మొదలైతే ఇక అసలు పేరు తనకే గుర్తుండదని భయం.

వాళ్ళుండే ఊరు దేశానికి ఉత్తరపు కొసన, సముద్రం ఒడ్డున ఉంది. అక్కడ వేసవి కాసేపు కూర్చుని లేచిపోయే చుట్టం లాంటిది. ఉన్న కాస్త ఎండలోనే అన్నీ జరిగిపోవాలి. పడవ పందాలు, ఇసుక బొమ్మల పోటీ, రేవుగట్టు మీద బ్యాండు, లైట్‌హౌస్ మెట్లెక్కడం, పడవలో పోయి రాళ్ళ మీద పడుకున్న సీల్ జంతువులను, పక్షుల దీవిని చూడటం. వీటన్నిటికీ వేళలు, దారులు చెప్పడం పర్యాటక కార్యాలయంలో అత్త పని. కిటికీ బస్టాపు వైపు తిరిగి ఉంటుంది. సముద్రం ఆమె వీపు వెనక, గోడకు అవతల. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దాన్ని వినడమే తప్ప చూడటం లేదు.

"సూర్యాస్తమయం ఎక్కడ బాగుంటుందండీ?"

"పడమర వైపండీ. రేవుగట్టు చివరికి వెళ్ళండి."

"ముందు వరుసలో సీట్లు దొరుకుతాయా?"

ఇలాంటివాటికి ఆమె ముఖం కదపకుండా జవాబు చెప్పేది. చెప్పి చెప్పి, ఎదుటివాళ్ళు నోరు తెరవగానే ఏం అడుగుతారో తెలిసిపోయేది. ఒక వేసవిలో మాత్రం, పక్షుల దీవి గురించి అంతా విన్నాక ఒక పెద్దావిడ వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "అంత బాగా చెప్పావమ్మా, ఎన్నిసార్లు చూశావేంటి?" అంది.

"చాలాసార్లండీ" అంది అత్త.

అబద్ధం. పక్షులు ఆ దీవి మీద గూళ్ళు పెట్టేది వేసవిలోనే. వేసవిలో అత్తకు సెలవుండదు. సెలవు దొరికే నాటికి పక్షులు లేచిపోతాయి, పడవలను ఒడ్డుకు లాగేస్తారు, లైట్‌హౌస్‌కు తాళం పడుతుంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఊరందరికీ సముద్రం చూపించే మనిషి గోడకు జారగిలబడి ఉండిపోయింది. ఆ పెద్దావిడ బస్సెక్కి వెళ్ళిపోయింది గానీ ఆ ప్రశ్న మాత్రం అత్త దగ్గరే ఉండిపోయింది.

దాని నుంచి పుట్టిందే దీవి నడక. ఆ దీవి ఒడ్డుకు మరీ దూరం కాదు. ఆటు వేళ, అంటే సముద్రం నీళ్ళు వెనక్కి తీసినప్పుడు, మధ్యలో ఇసుక బయటపడుతుంది. చెప్పులు చేత పట్టుకుని నడిచి వెళ్ళిరావచ్చు. పోటు వేళ మళ్ళీ అంతా నీళ్ళే. ఈ నడకను వేసవి కార్యక్రమాల్లో చేర్చండి, జనాన్ని నేను తీసుకెళ్తాను అని అత్త మేనేజరును అడిగింది. అడిగినంతసేపూ చేతిలో గుండుసూదుల డబ్బా తిప్పుతూనే ఉందట.

మేనేజరు చెడ్డవాడు కాదు. పైఆఫీసు పేరు వింటే కడుపునొప్పి వచ్చే మనిషి, అంతే. "చూద్దాం మేడం. ఈ ఒక్క వేసవికి పెడదాం. మొదటి రోజు బాగా జరిగితే వారంవారం మిమ్మల్నే పంపిస్తా, కిటికీలో ఇంకెవరినైనా కూర్చోబెడతా. రచ్చయిందనుకోండి, మళ్ళీ ఆ మాటెత్తొద్దు."

అత్తకు అది చాలు. చలి తగ్గీ తగ్గకముందే మావయ్యను లాక్కుని దారి చూడటానికి బయలుదేరింది. మావయ్య రేవులో పడవలకు రంగులు వేస్తాడు. మిగిలిన ఎర్రరంగు పూసి, గట్టి నేల ఉన్న చోటల్లా కర్రలు పాతాడు. ఎముకలు కొరికే గాలిలో దీవి దాకా వెళితే అక్కడ బండలు తప్ప ఇంకేమీ లేవు.

"దీని కోసమా నా నిద్ర పాడు చేశావ్?"

"వేసవిలో పక్షులుంటాయండీ."

"వాటికున్న బుద్ధి మనకి లేదన్నమాట."

అలా విసుక్కుంటూనే ప్రతి కర్రనూ రెండోసారి ఊపి చూశాడు.

ఇక బోర్డులు రాయించడం మిగిలింది. రాసేవాడు పక్క ఊళ్ళో ఉంటాడు. అతను ఫోన్ చేసిన సమయానికి అత్త కిటికీ ముందు రెండు బస్సుల జనం ఉన్నారు. ఒకాయన గాజు మీద ఉంగరంతో టకటకమని కొడుతున్నాడు.

"ఏం రాయమంటారక్కా?"

"దీవికి కాలినడక. ఆటు వేళల్లో మాత్రమే."

"ఏ వేళల్లో?"

"ఆటు వేళల్లో."

"ఆఁ. ఆట వేళలు."

"ఆటు, బాబూ."

"అదేనక్కా, ఆట. అదే కదా అంటున్నా."

ఉంగరం మళ్ళీ మోగింది. "ఆఁ, అదే, అదే" అని అత్త ఫోన్ పెట్టేసింది.

బోర్డు నమూనా నేరుగా మేనేజరు బల్ల మీదికి వెళ్ళింది. "దీవికి కాలినడక: ఆట వేళలు" అని ఉంది. కింద వేళలు లేవు. అత్త ఏ రోజుకారోజు నీళ్ళను బట్టి సుద్దతో రాద్దామనుకుంది. ఆటు నిన్నటి వేళకు ఇవాళ రాదు, రోజురోజుకీ కాస్త వెనక్కి జరుగుతుంది. మేనేజరుకు మాత్రం అక్కడ కనిపించింది "ఆట". ఆట అన్నాక మొదటి ఆట, రెండో ఆట ఉండాలి కదా. పాపం, మేడం మరిచిపోయినట్టుంది అనుకుని ఆయనే శ్రద్ధగా నింపాడు. ఉదయం పదకొండు, మధ్యాహ్నం రెండున్నర, సాయంత్రం ఆరున్నర. ప్రతిరోజూ. ఆ బోర్డులు అత్త చూసేసరికే బస్టాపుల్లో, లాడ్జీల్లో, రేవు మెట్ల దగ్గర ఎక్కి కూర్చున్నాయి.

"సార్, అది ఆట కాదు, ఆటు."

మేనేజరు బోర్డును, ఆమెను మార్చి మార్చి చూశాడు. "ఒక్క కొమ్మే కదా మేడం తేడా!"

"ఆ కొమ్ము లేకపోతే సముద్రం నిండుగా ఉంటుంది సార్."

"ఇప్పుడు మార్చాలంటే పైఆఫీసుకి చెప్పాలి. ఎవరు చూశారు, ఎవరు పంపారు అని మొదలవుతుంది. ఫోన్‌లో చెప్పిందెవరు?"

ఫోన్‌లో "అదే, అదే" అన్నది అత్తే.

"మొదటి రోజు మీరు మెట్ల దగ్గర నిలబడి నాలుగు మాటలు చెప్పండి. మంచిగా చెప్తే జనం సర్దుకుంటారు" అన్నాడాయన. అది నిజమేనని నమ్ముతున్నట్టే అన్నాడు.

మొదటి రోజు రానే వచ్చింది. పదకొండింటికి రేవు మెట్ల దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. మడత కుర్చీలు తెచ్చుకున్నవాళ్ళున్నారు. పిల్లల్ని భుజాలెక్కించుకున్నవాళ్ళున్నారు. ఎదురుగా సముద్రం కింది మెట్టును తాకుతూ నిండుగా ఉంది. మావయ్య పాతిన ఎర్ర కర్రల కొసలు కూడా కనిపించడం లేదు.

అత్తకు నలుగురిలో మాట్లాడటం చేతకాదు. గాజు వెనక నుంచి ఎంతైనా చెబుతుంది. మధ్యన గాజు లేకపోయేసరికి ఎదుటివాళ్ళ చెప్పుల వైపు చూస్తూ మొదలుపెట్టింది.

"అందరూ దయచేసి వినండి. నడక సాయంత్రం ఐదింటికండీ. నీళ్ళు తీశాక..."

"ఎవరు తీస్తారు?" అని వెనక నుంచి ఒక కేక.

"ఎవరూ తీయరండీ. అవే తీస్తాయి."

"మరి పదకొండని ఎందుకు రాశారు?"

"అది పొరపాటండీ."

"ఇంతకీ ఆటలో ఎంతమంది ఉంటారు? కథేంటి?"

అలా అడిగింది గొడుగు పట్టుకున్న ఒకాయన. వాన లేదు, ఎండా లేదు, అయినా గొడుగు విప్పి ఉంది. "కథ లేదండీ, నడకంతే" అని అత్త అంటే, ఆయన చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగి, "చూశారా, కథ కూడా లేదట!" అన్నాడు. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు కాసేపట్లోనే తిట్లలోకి దిగింది. ఒకావిడ, పిల్లల్ని పొద్దున్నే లేపి తెచ్చాను, మీకసలు పిల్లలున్నారా అని నిలదీసింది. ఎవరో పైఆఫీసుకు ఫోన్ చేశారు. పైఆఫీసు మేనేజరుకు చేసింది. మేనేజరు చెమటలు కక్కుతూ వచ్చాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటంటారు. ఇక్కడ రోకలి కూడా అక్కర్లేకపోయింది, సముద్రపు పోటే సరిపోయింది.

"దీవి కార్యక్రమం రద్దు" అని ఆయన ప్రకటించాడు. తరువాత అత్త వైపు చూడకుండా, "మీరు కిటికీలోకి వెళ్ళండి మేడం. అక్కడ లైను పెరిగిపోతోంది" అన్నాడు.

అత్త వెళ్ళి కూర్చుంది. మధ్యాహ్నం మావయ్య టిఫిన్ డబ్బా తెచ్చిస్తే మూత కూడా తీయలేదు.

"కొమ్ముల్లేని ఎద్దు కూడా పొడుస్తుందని ఇవాళే చూశా" అన్నాడు మావయ్య.

"మీకు అన్నీ జోకులే! నేనే దొరికానా అందరికీ? వాడికి వినపడదు, ఈయనకి అర్థం కాదు. నేనేమో నోరుమూసుకుని అదే, అదే అంటాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. పోండి, వెనక జనం ఉన్నారు."

ఆయన గొంతు తగ్గించి, "కర్రలు పీకేయమంటావా మరి?" అని అడిగాడు.

"ఏమో. మీ ఇష్టం."

సాయంత్రం ఐదింటికి గోడ అవతల చప్పుడు తగ్గింది. నీళ్ళు వెనక్కి వెళ్ళాయని ఆమెకు చెవులతోనే తెలిసింది. సరిగ్గా అప్పుడే గొడుగాయన పరుగున వచ్చి గాజు మీద కొట్టాడు.

"ఏమండీ! నీళ్ళు తీసేశారు! ఎర్ర కర్రలు కూడా పెట్టారు! రండి రండి!"

"రద్దయిందండీ. నేను రాకూడదు."

ఆయన గొడుగు మూసి, మళ్ళీ విప్పాడు. "నీళ్ళున్నప్పుడేమో నీళ్ళున్నాయంటారు. లేనప్పుడేమో మీరు లేరంటారు. ఏం ఊరండీ ఇది!"

ఆయన వెనక నిలబడ్డ అమ్మాయి బ్యాండు ఎన్నింటికని అడిగింది. "ఏడింటికమ్మా, రేవుగట్టు మీద" అంది అత్త.

మర్నాడు కార్యక్రమాల జాబితాలో దీవి నడక మీద తెల్లకాగితం అంటించారు. కానీ లాడ్జీల్లో, బస్టాపుల్లో బోర్డులు అలాగే ఉన్నాయి. వాటిని తీయాలన్నా పైఆఫీసుకు చెప్పాలి. అందుకని ఆ రోజంతా, ఆ మర్నాడూ జనం కిటికీ దగ్గరకు వచ్చి అదే అడిగారు. "మొదటి ఆట ఎన్నింటికండీ?" ప్రతిసారీ అత్త "రద్దయిందండీ" అంది. ఒక్కో "రద్దయిందండీ"కి గుండుసూదుల డబ్బా మీద ఆమె వేలు ఇంకాస్త గట్టిగా పడేది.

మూడో రోజు మధ్యాహ్నం గొడుగాయన మళ్ళీ వచ్చాడు. వారం రోజులకు లాడ్జీలో దిగాడట. ఊళ్ళో చూడాల్సినవన్నీ చూసేశాడు, ఏదీ నచ్చలేదు.

"ఇవాళ నీళ్ళెప్పుడు తీస్తారు?" అన్నాడు వెటకారంగా.

"ఏడింటికండీ" అని అలవాటుగా అనేసింది అత్త. అన్నాక ఆగిపోయింది. మొన్న ఐదింటికి తీసింది ఇవాళ ఏడింటికి. కిటికీ మూసేది ఆరింటికి. వేసవిలో అక్కడ పదింటిదాకా చీకటి పడదు. కార్యక్రమం రద్దయింది గానీ సముద్రం రద్దు కాలేదు. ఆరు దాటాక ఆమె విచారణ కాదు.

"ఆరున్నరకి రేవు మెట్ల దగ్గరకి రండి" అంది మెల్లగా. "ఆఫీసు తరఫున కాదు. నేను ఊరికే నడవడానికి వెళ్తున్నా."

"కథేమైనా ఉంటుందా?"

"ఉండదండీ. సాక్సులు తడుస్తాయి."

మెట్ల దగ్గర గొడుగాయన, మొన్న పిల్లల గురించి నిలదీసిన ఆవిడ, ఆవిడ పిల్లలిద్దరు ఉన్నారు. ఆవిడకు గొడుగాయన చెప్పాడట. "మళ్ళీ మోసమైతే ఊరుకోను" అంది ముందే. కింద ఇసుకలో మావయ్య ఒక ఎర్ర కర్రను ఊపి చూస్తున్నాడు.

"పీకలేదా?" అంది అత్త.

"నువ్వు నా ఇష్టం అన్నావుగా."

గొడుగాయన దారి పొడుగునా సణుగుతూనే నడిచాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, ఇసుక మెత్తగా ఉంది, దీవి అనుకున్నదానికంటే చిన్నది. బండ ఎక్కాక మాత్రం సణుగుడు ఆగింది. మెడ చాచిన పక్షులు బండ నిండా కిక్కిరిసి ఉన్నాయి. బూడిదరంగు పిల్లలు తల్లుల కింద నుంచి తలలు బయటపెట్టి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆ గోలలో మనిషి మాట మనిషికి వినపడటం లేదు. కంపు కూడా ఉంది. ఇన్నేళ్ళుగా చెబుతున్నా, ఆ కంపు సంగతి అత్త ఎవరికీ చెప్పి ఎరగదు.

గొడుగాయన ఆమె చెవి దగ్గరకు వంగి అరిచాడు. "ఇవి మీరు ఎన్నిసార్లు చూశారు?"

"ఇదే మొదటిసారండీ!" అని అత్త కూడా అరిచింది.

నీళ్ళు తిరగకముందే మావయ్య అందరినీ తరిమి ఒడ్డుకు తెచ్చాడు.

అలా ఇంకో మూడు సాయంత్రాలు నడిచాయి. తరువాత ఆటు చీకట్లోకి జరిగిపోయింది. అది మళ్ళీ వెలుతురులోకి వచ్చేసరికి పనివేళల్లో పడింది. మేనేజరు చెవిన పడింది గానీ ఆయన అడ్డు చెప్పలేదు, రద్దు ఎత్తేయనూ లేదు. వచ్చే వేసవికి చూద్దాం అన్నాడు. అత్త వీపు వెనక సముద్రం మళ్ళీ చప్పుడుగా మిగిలింది.

ఇప్పటికీ ఎవరైనా వచ్చి, "దీవి ఆట ఎన్నింటికండీ?" అంటారు. "ఆట కాదండీ, ఆటు" అని అత్త కొమ్మును గట్టిగా పలికి మరీ దిద్దుతుంది. వాళ్ళు "ఆఁ, అదే" అంటారు. అప్పుడామె గోడ వైపు ఒక చెవి పెట్టి విని, "ఇవాళ కుదరదండీ. వచ్చే వారం ఆరు దాటాక తీస్తాయి, అప్పటిదాకా ఉంటారా?" అని అడుగుతుంది.

ఎవరూ ఉండరు.