చెప్పులు విడిచిన ఆట

ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో ఒక కుర్రాడు నవ్వుతూ చెబుతుంటాడు: చేయాల్సిన పనిని ఆటగా మార్చుకోండి, ఇక దాన్ని మీరు విడిచిపెట్టమన్నా విడిచిపెట్టరు అని. వాడి నోట్లో మన్ను పడ! వాడు చెప్పేది నిజమే, నా మంటంతా అందుకే.

మా అక్కకు షుగర్. ఇద్దరం బోధన్‌లోనే పుట్టి పెరిగాం. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఊరి గాలికే బెల్లం వాసన ఉండేది. "సక్కెర ఊర్ల పుట్టినోళ్లకు సక్కెర రోగం రాక ఇంకేమొస్తదే సెల్లె" అని నవ్వేది అక్క. మొగుళ్లు పోయాక ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆమె కూడా పోతే నేనెవరితో పోట్లాడాలి అన్నదే నా దిగులు.

రోజూ నడవమన్నాడు నిజామాబాద్ డాక్టర్. పాదాలకు తిమ్మిరి ఉంది కాబట్టి ఇంట్లో కూడా చెప్పులు విడవొద్దని మెత్తటి జత ఒకటి రాసిచ్చాడు. చెప్పులు వేసుకుంది గానీ, నడిస్తే ఒట్టు.

"నేనేమన్న పోలీసు నౌకరికి పోతున్ననా? ఉత్తగ రోడ్డెంబడి నడుస్తుంటె లోకం ఏమనుకుంటది?"

అరిచాను, బతిమాలాను, అన్నం మానేశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఆ ఏడు బతుకమ్మ పండుగకు మాత్రం కూర్చోకుండా ఆడింది. వాడకట్టు పిల్లలు అలసిపోయినా ఆమె అలసిపోలేదు. నా బుర్రలో దీపం వెలిగింది. పండుగ వెళ్లిన మర్నాడు సాయంత్రం ఆమెను మిద్దె మీదికి తీసుకుపోయి, నడుమ ఖాళీ తాంబాళం పెట్టాను.

"పండుగ పోయినంక బతుకమ్మ ఏందే, పిచ్చిదానా?"

"పూలు పెడితెనే బతుకమ్మ. గిది ఉత్త తాంబాళం. సుట్టు తిరుగు, సప్పట్లు కొట్టు."

అక్క నవ్వి, మెట్ల దగ్గరే చెప్పులు విడిచింది.

"అక్కా, డాక్టర్ విడువద్దన్నడు గదా?"

"చెప్పులేసుకొని బతుకమ్మ ఆడినోళ్లను ఏడనన్న సూసినవా?"

చూడలేదు. పూలు లేవు కాబట్టి పండుగ కాదని చెప్పిన నోటితోనే, చెప్పులు వేసుకోమని చెప్పడానికి మనసొప్పలేదు. నా చెప్పులు కూడా ఆమె చెప్పుల పక్కనే విడిచాను.

ఇక చూడాలి అక్క సంబురం! పొద్దు వాలకముందే "లేవే, ఎంతసేపు పంటవ్" అని నన్నే లేపేది. పాటలో డాక్టర్‌ను పెట్టేది, పక్కింటి బర్రెను పెట్టేది, నా గురకను పెట్టేది. ఎదురు మిద్దె మీది చాచీ బట్టలు తీయడం మానేసి చప్పట్లు కొట్టేది. షుగర్ దిగింది. డాక్టర్ శభాష్ అన్నాడు. బస్సులో వస్తూ అక్క నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఆమె ఇంకా చాలా ఏళ్లు ఉంటుందని ఆ రోజు గట్టిగా నమ్మాను.

ఎండాకాలం వచ్చింది. సాయంత్రమైనా స్లాబు పెనంలాగే ఉండేది. నీళ్లు చల్లినా నేను కాలు నిలపలేక గంతులు వేస్తుంటే అక్క పడీపడీ నవ్వింది.

"అవ్వో, కాళ్లు కాలుతున్నయ్ అక్కా! ఇయ్యాల్టికి సాలు."

"నాకేం కాలుత లేదే. నువ్వే సుకుమారివి. పాట ఆపకు, ఎత్తు!"

ఎత్తాను. ఆటలో పడి వేడి కూడా మరిచిపోయిందని మురిసిపోయాను. పైగా సిగ్గుపడి, పళ్లు బిగబట్టి ఆమె వెంట తిరిగాను.

రెండు మూడు రోజులకు అట్లాగే ఆడుతుంటే, తాంబాళం చుట్టూ తడి అడుగులు కనిపించాయి. ఆ రోజు నీళ్లు చల్లలేదు. అన్నీ ఒకే కాలివి, చుట్టూరా. అక్కను పిట్టగోడ మీద కూర్చోబెట్టి పాదం ఎత్తి చూశాను. బొబ్బలు పగిలి అరికాలంతా పచ్చిపుండు.

"అక్కా! నొప్పి లేదా?"

"ఏం నొప్పి?" అంది, నా మొహం చూసి భయపడుతూ.

నిజామాబాద్‌లో మొదట కాలి వేళ్లు తీశారు. పుండు ఆగలేదు. తర్వాత మోకాలి కింద దాకా తీశారు. చెప్పులు లేకుండా ఎందుకు నడిచావమ్మా అని డాక్టర్ కోప్పడితే, అక్క తప్పు చేసిన పిల్లలా "నడువలేదు సారూ, ఆడుకున్నం" అంది. నేను గోడ వైపు తిరిగాను.

ఇప్పుడు రెండో కాలి మీదే అందరి కళ్లూ. కుర్చీలోనే చేతులు, కాలు ఆడించాలట, లేకపోతే షుగర్ మళ్లీ ఎక్కి ఆ కాలికీ ముప్పేనట. అక్క ఆడించదు. రోజంతా కిటికీ వైపు చూస్తూ కూర్చుంటుంది. నాకు తెలిసిన ఉపాయం ఒకటే. నిన్న సాయంత్రం ఆమె కుర్చీ ముందు తాంబాళం పెట్టి, చప్పట్లు కొట్టి పాట అందుకున్నాను.

అక్క రెండు చేతులతో నా చేతులు గట్టిగా పట్టుకుంది.

"పాట ఎత్తకే సెల్లె. నువ్వు పాట ఎత్తుతే లేని కాలు గూడ లేస్తున్నది."

తాంబాళం తీసి అటక మీద పెట్టాను. ఆ తర్వాత కింద కూర్చుని, ఉన్న ఒక్క పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, అరికాలంతా పుండు కోసం వెతికాను.