కృపమ్మ రెండో ఆదివారం

మా ఇంట్ల మీది అర్రల కిరాయికున్న కృపావతి ముచ్చట చెప్త, ఇనుండ్రి. నా పేరు భూలక్ష్మి. కృష్ణానగర్ల మాది సొంతిల్లు. ఈ గల్లీలల్లకు సినిమావాళ్ళు దిగకముందు నుంచి గీడనే ఉన్నం. మా ఆయన బాలనర్సయ్య మంచోడే గని నోట్లె నుంచి మాట రావాలంటె ముహూర్తం చూడాలె. అందుకే మా ఇంట్ల మాట్లాడే పని మొత్తం నా మీదనే పడ్డది.

కృపావతిది తెనాలి దిక్కు. శానా ఏండ్లు మద్రాసుల ఉన్నది. సినిమా పని మెల్లమెల్లగ హైదరాబాదుకు మళ్ళుతుంటె, తొంభైల మొదట్ల ఈమె సుత పెట్టె సర్దుకొని వచ్చింది. హీరోయిన్లకు జడలల్లుడు, సవరాలు కట్టుడు, విగ్గులు దువ్వుడు ఆమె పని. భర్త పోయి అప్పటికి యాడాది కూడ కాలే. పిల్లలు లేరు. పొద్దు పొడవకముందే కంపెనీ వ్యాను గల్లీ మొగన నిలవడి హారన్ కొట్టేది. ఈమె చాయ్ సుత తాగకుండ ఉరికేది. మాపటికి వచ్చి తలుపేసుకునేది. ఏడ్వది, నవ్వది, ఒగరితోని పంచాతి పెట్టుకోదు. గసుంటి మనిషిని చూస్తె నాకు పరేషానయితది.

ఒకనాడు పట్టుకొని అడిగిన. "ఏంది చెల్లె, మొగడు పోయిన మనిషివి, నీకు దుఃఖమే రాదా?"

"టైం ఉండట్లేదక్కగారూ" అన్నది.

ఏడ్సుడుకు కూడ టైం లేకపాయె, ఇదేం బతుకు తల్లీ!

సినిమా పనిల ఆదివారం, సోమవారం అన్న తేడా లేదు. నెలల రెండో ఆదివారం ఒక్కటే అందరికి సెలవు. ఆ నాడు చూడాలె మా కృష్ణానగర్! డాన్సర్లు, లైట్లోళ్ళు, మేకప్పోళ్ళు అందరు ఇండ్లల్లనే. ప్రతి దండెం మీద బట్టలు, ప్రతి ఇంట్ల కోడికూర వాసన. అట్లాంటి ఒక రెండో ఆదివారం కృప ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకొని, బైబిలు చంకల పెట్టుకొని యూసుఫ్‌గూడ దిక్కు నడిసింది. గాడ ఒక రేకుల షెడ్డుల వాళ్ళ ఆరాధన అయితదని ఎవరో చెప్పిండ్రట.

మధ్యాహ్నం తిరిగొచ్చింది. కండ్లు ఉబ్బినయి. గని ముఖం మాత్రం కడిగిన ముత్యం తీరుగున్నది. మా ఇంట్లనే కూసొని, మారు బువ్వ అడిగి పెట్టించుకున్నది.

"ఏం మందు పోసిండ్రే నీకు గాడ?" అన్న.

సిగ్గుపడుకుంట నవ్వింది. "మందేం లేదండీ. అక్కడ నేనెవరి జడా వెయ్యక్కర్లేదు. నన్నెవరూ పిలవరు. చాప మీద కూర్చుంటాను, పాటలు పాడతాను. అలిసిపోయినవాళ్ళని రమ్మని పిలిచే దేవుడండీ మాది. వెళ్ళి కూర్చున్నానంతే, మా ఆయన పోయాక ఇవాళే ఏడుపొచ్చింది. ఎంత హాయిగా ఉందో!"

నాకు పోచమ్మ తల్లే దిక్కు. వాళ్ళ దేవుని సంగతి నాకేం ఎరుక? గని ఆ నాటి నుంచి కృప మనిషయింది. నెలంత నిలవడి నిలవడి కాళ్ళు వాసినా, రెండో ఆదివారం వచ్చిందంటె చాలు, మళ్ళ నెలకు సరిపోయేటంత బలం తెచ్చుకునేది.

ఆ షెడ్డులనే జీవరత్నం కలిసిండు. గుంటూరు దిక్కు మనిషి, స్టూడియోల లైట్లు మోస్తడు. భార్య జబ్బు చేసి పోయింది. ఇద్దరు చిన్న ఆడపిల్లలు, ఇంట్ల వాళ్ళ అమ్మ శకుంతలమ్మ. ఆరాధన అయినంక ఆ పిల్లలకు కృప జడలు అల్లేది. ఊకె అల్లి అల్లి పిల్లలు ఈమె కొంగు ఇడవకుంటయిండ్రు. ఇగ పెద్దమనుషులు మాట్లాడి పెండ్లి ఖాయం చేసిండ్రు. నాకు మస్తు సంతోషమయింది. కిరాయికి ఇంకొగరు దొరుకుతరు గని ఈమెకు ఇల్లు దొరకాలె కద!

గప్పుడు శకుంతలమ్మ మా ఇంటికొచ్చి, మా చాయ్ తాగుకుంట, మా కుర్చీల కూసొని ఏమన్నదో తెలుసా?

"మావాడికీ రెండో ఆదివారమే సెలవండీ. ఊళ్ళో ఉన్న చుట్టాలంతా ఆ రోజే మా ఇంటికి భోజనానికొస్తారు. వండీ వండీ నా నడుం పడిపోయింది. ఇక కోడలొస్తుందిగా, పొద్దున్నే లేచి తను చూసుకుంటుంది. ప్రార్థనకేముంది, పొయ్యి దగ్గర చేసుకున్నా దేవుడు వింటాడు."

"అలాగే అత్తయ్యా" అన్నది కృప, తల వంచుకొని.

ముసలామె పోయినంక నేను అగ్గి మీద గుగ్గిలమైన. "నెలకు ఒక్క పూటనే నీది. గది కూడ ఇచ్చేస్తివా?"

"వాళ్ళకి మనిషి కావాలి, నాకు ఇల్లు కావాలి. ఒకటి దొరకాలంటే ఒకటి వదులుకోవాలి కదక్కగారూ" అన్నది. గట్లన్నది గని ఆ నాటి నుంచి మళ్ళ మునుపటి తీరుగనే అయింది. మాట లేదు, నవ్వు లేదు. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. గని అత్తాకోడండ్ల నడుమ ఇల్లుగలామె ఏమని మాట్లాడ్తది?

వాళ్ళల్ల ఒక పద్ధతున్నది. పెండ్లికి ముందు మూడు ఆదివారాలు ఆరాధనల అందరి ముందట పేర్లు చదువుతరు. మొదటి రెండుసార్లు కృప షూటింగుల ఉన్నది. మూడోసారి రెండో ఆదివారమే పడ్డది. "మీరూ రండక్కగారూ, నా తరపున ఎవరూ లేరు" అన్నది. పట్టుచీర కట్టుకొని, ఇంత బొట్టు పెట్టుకొని పోయిన. ఒక దిక్కు ఆడోళ్ళు కొంగు కప్పుకొని, ఒక దిక్కు మొగోళ్ళు. హార్మోనియం, తబలా, కంజీర. రేకుల కింద ఉడికిపోతున్నం గని పాట మాత్రం మంచిగున్నది. పక్కకు చూస్తె కృప కండ్లు మూసుకొని పాడుతున్నది. నెలంత పైకి పట్టుకొనున్న భుజాలు కిందికి దిగినయి. ఇగ ఇదే ఆఖరు కావచ్చు అని నా మనసు కలుక్కుమన్నది.

పాటలైనంక వాళ్ళ పాస్టరు, అయ్యగారంటరు ఆయనను, కాయితం తీసి ఇద్దరి పేర్లు చదివిండు. "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలియజేయవలెను" అన్నడు.

మా బస్తీ పంచాతిల అయితె, పెద్దమనిషి అడిగినప్పుడు నోరు మూసుకున్నోనికి తర్వాత మాట్లాడే హక్కు లేదు. మీదికెళ్ళి అయ్యగారు నన్నే చూస్తున్నట్టు అనిపించింది. లేసి నిలవడ్డ.

"నాకున్నది" అన్న.

కంజీర పట్టుకున్నాయన దాన్ని కింద పడేసిండు. షెడ్డు మొత్తం నా దిక్కే తిరిగింది. కృప నా కొంగు పట్టి గుంజుతున్నది. గుంజనీ!

"పిల్లగాడు మంచోడు, పిల్లలు బంగారం. పెండ్లి కావాల్సిందే. గని ఈమెకు నెలకు ఒక్కటే ఆదివారం సెలవు. గా పూట గీడికొచ్చి కూసుంటెనే ఈమె బతుకుతది, నేను కండ్లార చూసిన. గది కూడ గుంజుకొని పొయ్యి కాడ నిలవెడ్తమంటున్నరు. గదే నా అభ్యంతరం."

అయ్యగారు కండ్లద్దాలు సదురుకున్నడు. "అమ్మా, మేం అడిగేది అది కాదమ్మా. వీళ్ళిద్దరిలో ఎవరికైనా ఇదివరకే పెళ్ళయి, ఆ మనిషి బతికున్నారా... అలాంటివి."

"గవన్ని నాకు తెల్వయి సారూ. నాకు తెలిసింది నేను చెప్పిన."

నవ్విండ్రు. నవ్వితె నవ్విరి, నాకేం సిగ్గు? మొగోళ్ళ దిక్కు నుంచి జీవరత్నం మెల్లగ లేసిండు. "ఆ రోజు వంట నేను చేస్తానండీ" అన్నడు. ఇంకింత నవ్విండ్రు. ఆడోళ్ళ దిక్కు నుంచి శకుంతలమ్మ లేసింది. ముఖం ఎర్రగయింది. "వీడు వండితే చుట్టాలు మళ్ళీ గడప తొక్కరు. నేనే ఏదో ఒకటి చూస్తాలెండి" అన్నది.

"అభ్యంతరం తొలగినట్టేనా అమ్మా?" అన్నడు అయ్యగారు.

"తొలగింది" అని కూసున్న. కృప కొంగు నోట్లె కుక్కుకొని ఏడుస్తున్నది. ఆరాధన అయ్యేదాక నా చెయ్యి ఇడవలే.

పెండ్లయింది. పక్క గల్లీల కాపురం. గని ముసలామె మాట మీద నాకు ఇంక గురి కుదరలే. మొదటి రెండో ఆదివారం పొద్దుగాల నుంచే గేటు కాడ కుర్చీ ఏసుకొని కూసున్న. చూస్తె ఏముంది? జీవరత్నం, ఇద్దరు పిల్లలు, కృప, ముందట శకుంతలమ్మ, అందరు తెల్ల బట్టలల్ల, చేతులల్ల బైబిళ్ళు. నా కండ్లు నీళ్ళతోని నిండినయి. ముసలామె వచ్చి నా చేతిల వాళ్ళింటి తాళంచెవి పెట్టింది.

"చుట్టాలు పదకొండింటికల్లా దిగుతారు. కోళ్ళకి ఉప్పూ పసుపూ పట్టించి ఉంచాను. అభ్యంతరం చెప్పింది మీరేగా భూలక్ష్మిగారూ, కూర మీరే వండండి."

అని ఎనుకకు చూడకుండ పోయింది! మా బాలనర్సయ్యకు గప్పుడొచ్చింది మాట. "గాలికి పోయే కంప తగిలించుకున్నవ్" అని పొట్ట పట్టుకొని నవ్విండు. ఆయనతోనే ఎల్లిపాయలు ఒలిపిచ్చిన.

చుట్టాలు దిగిండ్రు. ఎవరమ్మా నువ్వు అని అడిగిండ్రు. "అభ్యంతరం చెప్పినామెను" అన్న. కూరల కారం తక్కువైందని ఒగలన్నరు. గుంటూరోళ్ళకు ఎంత ఏసినా తక్కువనే.

మధ్యాహ్నం అందరు తిరిగొచ్చిండ్రు. నడుం పడిపోయిందన్న శకుంతలమ్మ ఇయ్యాల నడుము పట్టుకోకుండనే నడిసొచ్చింది. కృప వచ్చుడుతోనే గంటె అందుకోబోయింది. "పో, ముందు కాళ్ళు చాపు" అని అర్సిన. ముందటింట్ల చాప మీద ఒరిగింది. పిల్లలు చెరొక పక్క చేరిండ్రు. చూస్తుండంగనే నిద్రపోయింది. అత్తగారింట్ల, ఇంతమంది చుట్టాల నడుమ, పట్టపగలు కొత్త కోడలు గుర్రుపెట్టి పండుకునుడు నేనెన్నడు చూడలే. ఇగ ముసలామె ఏమంటదో అని గంటె పట్టుకొని చూస్తున్న. శకుంతలమ్మ లేసి, చుట్టాలను మెల్లగ మాట్లాడుకొమ్మని చెప్పి, ఫ్యాను పెంచింది.